నాయన మూడో ప్రశ్న

"కండ్లు తెరిపించేదా పాటీ?" అని అడిగింది ఆ పిల్ల, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

చూలై పేటలో నేను పుట్టి పెరిగిన సందుకి రెండు సందుల అవతల ఇప్పుడొక స్టూడియో ఉంది. పాస్‌పోర్ట్ ఫోటోలు, పెళ్ళి ఆల్బమ్‌లు, టీ కప్పుల మీద బొమ్మలు, అన్నీ చేస్తారు. ఈ ఏటి వానలకి మా ఇంటి గోడ చెమ్మెక్కి, అమ్మ పటం వెనకంతా బూజు పట్టింది. ఒక మూల రంగు పొట్టులాగా లేస్తోంది. పూర్తిగా పాడవకముందే కాపీ తీయించి పెట్టుకోమని ఎవరో చెబితే, పాత చీరలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయాను. స్టూడియో నడిపేది ముప్పై ఏళ్ళ పిల్ల. తాతల కాలంలో తెలుగువాళ్ళేనట, ఇప్పుడు ఇంట్లో కూడా తమిళమే. అవ్వా అని పిలవాల్సిన నన్ను పాటీ అంటూ, నా కోసం తెలుగు మాటలు వెతుక్కుంటూ మాట్లాడింది. పటాన్ని స్కాన్ చేసి, పెద్దది చేసి చూసి, ఆ మాట అడిగింది.

"కండ్లు మూసుకోని ఉండారు కదా. ఇప్పుడు అదంతా ఈజీ పాటీ. ఒక్క నిమిషం, తెరిపించేస్తా."

నాకు మాట దొరక్కపోవడం ఎప్పుడో గానీ జరగదు. 'నోరా, వీపుకు తేకే' అని మా అమ్మ రోజుకి పదిసార్లు నా వైపు చూసి అనేది. కానీ ఆ పిల్ల అన్నది మా ఇంటి మాట. కండ్లు తెరిపించడం మా నాయన చేసిన పని. ఆ మాట బయటివాళ్ళ నోట విని యాభై ఏళ్ళు దాటింది.

"ఉండు తల్లీ, చెప్తా" అని అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను.

మా నాయన పటాలు వేసేవాడు. దేవుళ్ళవి కాదు, మనుషులవి. అందులోనూ ఎక్కువ పోయినవాళ్ళవి. మా చుట్టుపక్కల కూలి పనులు చేసుకునే ఇళ్ళలో చాలామందికి బతికుండగా ఒక్క ఫోటో ఉండేది కాదు. మనిషి పోయాక స్నానం చేయించి, కొత్త బట్ట కట్టి, దండ వేసి, కుర్చీలో కూర్చోబెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడితే ఫోటో తీసే అతను వచ్చి తీసేవాడు. జన్మ మొత్తానికి అదొక్కటే ఫోటో. దాన్ని పట్టుకుని, కర్మాంతరం లోపల పటం కావాలని మా ఇంటికి వచ్చేవాళ్ళు.

"కండ్లు తెరిపించియ్యన్నా" అనేవాళ్ళు. వచ్చిన వాళ్ళందరిదీ అదే మాట.

ముందు గదిలో నాయన పని, వెనక గదిలో మా కాపురం. నాయన, అమ్మ, నాయన్ని కన్న మా అవ్వ, నేను, ఇంతే. ముందు గదిలో టర్పెంటైన్, అవిసె నూనె వాసన. వెనక గదిలో అమ్మ ఎండుమిరపకాయలు వేసి పోపు పెడితే ఆ ఘాటు ముందు గదిలోకి వచ్చి, టర్పెంటైన్‌తో కలిసి, ఇంకేదో మూడో వాసన అయ్యేది. ఆదివారం పొద్దున అయితే పొంగణాల వాసన దానికి తోడు. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త ఇంటికి రంగులు వేస్తుంటే ఆ వాసనకి నాకు ఆకలేస్తుంది. మా వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

నాయన కుంచె పట్టే ముందు ఆ పోయిన మనిషి ఇంటికి వెళ్ళేవాడు. అది ఆయన పద్ధతి. ఫోటోలో ముక్కు ఉంది, నోరుంది, చెవులున్నాయి. లేనివల్లా కళ్ళు. అవి ఊహించి వేస్తే బొమ్మ కళ్ళవుతాయి అనేవాడు. "కండ్లు యాడికీ పోవు. ఆ ఇంట్లోనే ఎవురో ఒకరు దాచిపెట్టుకోని ఉంటారు. మనం వెతుక్కోవాల, అంతే." బడి లేని రోజైతే నన్ను కూడా సైకిలు మీద ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పోయేవాడు.

ఆ ఇంట్లో నేల మీద కూర్చుని, ఇచ్చిన టీ తాగి, ఒక బైండు పుస్తకం తీసేవాడు. మూడే మూడు ప్రశ్నలు అడిగేవాడు. కోపమొస్తే ఎట్లా చూసేవాడు? ఏమీ తోచనప్పుడు ఏం చూస్తా కూర్చునేవాడు? ఎవుర్ని చూస్తే ఆయన కండ్లు మారేవి?

మొదటి రెంటికీ జవాబు తొందరగానే వచ్చేది. కోపం గురించైతే పోటీలు పడి చెప్పేవాళ్ళు. మూడో ప్రశ్న దగ్గర అందరూ ఆగిపోయేవాళ్ళు. ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకునేవాళ్ళు. నాయన తొందరపెట్టేవాడు కాదు. టీ గ్లాసు తిప్పుకుంటూ కూర్చునేవాడు.

తొండియార్‌పేటలో ఒక ఇల్లు నాకు బాగా గుర్తు. హార్బర్‌లో మూటలు మోసే మనిషి పోయాడు. ఇంటి ముందు ఎండు చేపలు ఆరబెట్టి ఉన్నాయి, నేను ముక్కు మూసుకుంటే నాయన తొడపాశం పెట్టాడు. మూడో ప్రశ్నకి ఆ భార్య పైట నోట్లో కుక్కుకుంది. చివరికి పోయినాయన తల్లి, మూలన కూర్చున్న ముసలమ్మ, అంది.

"మేకని."

"ఏమ్మా?"

"వాడి మేకని నాయనా. పెండ్లాన్ని గాదు, బిడ్డల్ని గాదు, నన్నూ గాదు. పనినించి వొస్తానే దాన్ని చూసినాడంటే మొగమంతా ఎలిగిపొయ్యేది."

ఏడుస్తున్న వాళ్ళంతా పక్కున నవ్వేశారు. భార్య కూడా నవ్వింది. నాయన పుస్తకంలో 'మేక' అని రాసుకున్నాడు. పటం ఇచ్చిన రోజు నేనూ వెళ్ళాను. మీద కప్పిన గుడ్డ తీశాక ఆవిడ చాలాసేపు చూసింది. "నన్నొక్కనాడు ఇట్లా చూడలా. సచ్చినాక చూస్తా ఉండాడు" అని ఏడ్చింది. ఆ ఏడుపులో ఒక సంతోషం ఉంది. ఆ వయసులో నాకది అర్థం కాలేదు.

సౌకార్‌పేటలో ఒక షావుకారింటి ముసలావిడది ఇంకో కథ. పెద్ద ఇల్లు, పెద్ద కుటుంబం, అందరూ ఆవిడ గురించి దేవత, దేవత అన్నారు. వంటింట్లోంచి చిన్న కోడలు మాత్రం ఏమీ అనలేదు. నాయన ఆ అమ్మాయి ముఖాన్నే చూసుకుని వచ్చాడు. పటం గోడకి తగిలించగానే ముగ్గురు కోడళ్ళూ ఒక్కసారిగా చీర కొంగు ముఖం మీదికి లాక్కున్నారు. తర్వాత సిగ్గుపడ్డారు. నాయన దారి పొడుగునా సైకిలు తొక్కుతూ నవ్వుతూనే ఉన్నాడు. "చూస్తివా తల్లీ, కొంగు లాక్కున్న్యారు" అని ఇంటికొచ్చి అమ్మకి కూడా చెప్పాడు.

నేనూ తక్కువ దాన్నేం కాదు. కుంచెలు కడగడం నా పని. ఒకసారి కడగబోతూ, కుంచె కొనకి మిగిలిన రంగు ఎందుకు పారేయాలని, ఆరుతున్న ఒక తాత పటంలో చెంప మీద పుట్టుమచ్చ పెట్టాను. నాయన చూసుకోలేదు. ఇంటివాళ్ళు వచ్చారు. ఇంక నా వీపు పగులుతుందని తలుపు వెనక దాక్కున్నాను. ఆ తాత భార్య పటం దగ్గరికి వచ్చి, మచ్చని వేలితో తడిమి, "ఫోటోలో తెల్లగా అయిపొయ్యింది, ఈయనకి ఎట్లా తెలిసిందో" అని కళ్ళు ఒత్తుకుంది. మచ్చ ఆయనకు ఉండేదో, ఆవిడకు ఆ క్షణాన ఉండేదనిపించిందో, దేవుడికెరుక. వాళ్ళు పోయాక నాయన తలుపు వెనక నుంచి నా చెవి పట్టుకుని బయటికి లాగాడు. కొట్టలేదు. "ఇంటోళ్ళు చెప్పేదే మనకి వేదం. నువ్వు ఒట్టిది చెప్తే అదే నిజమై కూర్చుంటాది. జాగ్రత్త" అన్నాడు.

ఆ మాట అప్పుడే చెవికెక్కి ఉంటే ఎంత బాగుండేది.

అమ్మకి కూడా ఫోటో లేదు. నాయన చేత బొమ్మ వేయించుకోవాలని ఉండేది. "బతికుండేదాన్ని చూడను తీరిక లేదు, పొయినోళ్ళందర్నీ మాత్రం చూస్తా కూర్చుంటాడు" అని గిన్నెలు తోముకుంటూ అనేది. "నా బొమ్మ ఎప్పుడేస్తావు?" అని అడిగితే నాయన "ఇంట్లోనే ఉండావు గదా, యాడికి పోతావు" అనేవాడు. ఈలోగా అవ్వ అడ్డం వచ్చేది. "బతికుండే మనిషిని పటమెక్కిస్తే ఆయుస్సు తగ్గిపోతాది. ఆ మాటెత్తద్దు." అమ్మ మూతి తిప్పుకుని లోపలికి పోయేది. ఆ గొణుగుళ్ళు వినీ వినీ, మా అమ్మకి నాయనంటే కోపమనే అనుకునేదాన్ని. మాటల వరకు చూస్తే అంతే మరి.

కానీ నేను మాటలు మాత్రమే వినలేదు. ఒకటి చూశాను కూడా.

మధ్యాహ్నం మూడింటికి అమ్మ కాఫీ తెచ్చేది. నాయన పనిలో ఉన్నప్పుడు నాలుక కొన పెదవి మూలకి వచ్చేది, పసిపిల్లాడికి వచ్చినట్టు. అమ్మ లోటా పట్టుకుని గడప దగ్గర, ఆయన వెనకగా ఆగేది. పిలిచేది కాదు. అట్లా నిలబడి చూసేది. పొద్దుటినుంచి ఇంటి చాకిరీ చేసి చేసి ముడుచుకుపోయిన ముఖం విప్పారేది. కనుబొమలు కొంచెం పైకి లేచేవి, కళ్ళలోకి నీళ్ళలాంటి ఒక మెరుపు వచ్చేది. లోటా మీద ఆవిరి తగ్గిపోయేదాకా అట్లాగే చూసేది. నాయనకి ఎట్లాగో తెలిసి వెనక్కి తిరిగేవాడు. తిరిగేలోపలే ఆ చూపు పోయేది. "చల్లారిపోతా ఉండాది, తాగు" అని కసిరి, లోటా ఠంగున పెట్టి వెళ్ళిపోయేది.

నాయన స్టూలు పక్కన కింద కూర్చుని కుంచెలు కడుక్కుంటూ నేను ఎన్నోసార్లు చూశాను. ఆ చూపు ఎవరి కోసమో ఆ మనిషికి తెలియదు, మా ఇద్దరికే తెలుసు. చూసింది నేను, చూస్తున్నది అమ్మ. అవ్వ మధ్యాహ్నం పడుకునేది. ఇంకెవరికీ తెలియదు.

నాకు తొమ్మిదో ఏడు, ఎండాకాలం వస్తూనే అమ్మకి కామెర్లు వచ్చాయి. ఆకు పసరు తాగించారు, ఆసుపత్రిలో ఉంచారు, ఇంటికి పంపారు. రెండు రోజులు కొంచెం తేరుకుంది, గంజి తాగింది. మూడో రోజు తొండియార్‌పేట నుంచి కబురు వచ్చింది. ఇంకో ఇంట్లో మనిషి పోయాడు, రెండ్రోజుల్లో కర్మాంతరం, ఇంకా కళ్ళు తెరిపించలేదు. నాయన తటపటాయించాడు.

"పో, వాళ్ళు కాచుకోని ఉంటారు. నాకేం, బాగానే ఉండా" అని అమ్మే పంపింది.

ఆ మాట నేను విన్నాను. నా చెవులతో విన్నాను. తర్వాత మాత్రం విననట్టే ఉండిపోయాను.

మధ్యాహ్నానికి అమ్మకి ఎగశ్వాస పట్టింది. అవ్వ నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. అమ్మ కళ్ళు వాకిలి మీదే ఉన్నాయి. "మీ నాయన వొచ్చిండాడా, చూడు" అంది. సందు చివరిదాకా పరిగెత్తి వచ్చాను. రాలేదన్నాను. కొంచెంసేపు ఆగి మళ్ళీ చూడమంది. మళ్ళీ పరిగెత్తాను. మూడోసారి ఆవిడ అడగలేదు, నేనే వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి అవ్వ అరచేయి అమ్మ కళ్ళ మీద ఉంది.

నాయన వచ్చి గడప దగ్గర సైకిలు పట్టుకునే నిలబడిపోయాడు. స్టాండు వేయడం మర్చిపోయాడు. సైకిలు వదిలేస్తే అది గోడకి కొట్టుకుని పడింది. లోపలికి వచ్చి అమ్మ ముఖం మీదికి వంగి, మూసిన రెప్పల్ని చాలాసేపు చూశాడు. ఊళ్ళోవాళ్ళ ఫోటోల మీదికి వంగినట్టే వంగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అమ్మని కూడా కుర్చీలో కూర్చోబెట్టారు. ఆకుపచ్చ పట్టుచీర కట్టారు. ఫోటో తీసే అతను వచ్చాడు. కుర్చీ చేయి పట్టుకుని నేను నిలబడ్డాను. ఆ ఫోటోలో నా ముఖం పక్కకి తిరిగి ఉంటుంది.

నాలుగో రోజు నాయన ఫ్రేముకి గుడ్డ బిగించాడు. అవ్వ వద్దన్నా వినలేదు. చీర అంచు వేశాడు, ముక్కుపుడక వేశాడు, చెవి పక్కన ఎప్పుడూ నిలవని వెంట్రుకల పాయ వేశాడు. ఫోటోలో అది లేదు, నూనె పెట్టి అణిచేశారు. అయినా వేశాడు. రోజురోజుకీ అమ్మ వస్తూ ఉంది. కళ్ళ దగ్గర మాత్రం రెండు ఖాళీ జాగాలు.

"నీ కండ్లు మీ అమ్మ కండ్లే తల్లీ. కొంచేపు ఈడ కూర్చో" అన్నాడు.

నేను కూర్చున్నాను. కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

మా ఇంట్లో పెరిగిన పిల్లకి తెలిసిన లోకం ఏమిటంటే, పటం పూర్తయిందంటే ఆ మనిషి ఇంక రాడు. పటం ఇచ్చిన ఇళ్ళలో ఎవరైనా తిరిగి రావడం నేను చూడలేదు. కళ్ళు తెరిపించకపోతే పటం పూర్తి కాదు. కాకపోతే ఏదో ఒక దారి మిగులుతుంది. నా బుర్రకి తట్టిన ఉపాయం అంతే.

"తెరువు తల్లీ" అన్నాడు. తెరవలేదు. బతిమాలాడు. జీడిపప్పు మిఠాయి కొనిస్తానన్నాడు. అవ్వ వచ్చి రెండు తగిలించింది. తెరవలేదు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారుతుంటే నాయన కుంచె కింద పెట్టి, తన పంచె కొంగుతో తుడిచాడు. మర్నాడు కూడా అంతే.

ఆ తర్వాతి రోజు ఆయన కుంచె పట్టలేదు. బైండు పుస్తకం తెచ్చుకున్నాడు. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో కూర్చున్నట్టే నా ముందు నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. పెన్సిలు చెక్కుకున్నాడు.

"మీ అమ్మకి కోపమొస్తే ఎట్లా చూసేది?"

ఆయనకి తెలియకనా. అయినా అడిగాడు. "గరిటె కింద పెట్టి, నడుం మింద చెయ్యి పెట్టుకోని చూసేది" అన్నాను. నవ్వబోయి ఆపుకున్నాడు. రాసుకున్నాడు.

"ఏమీ తోచనప్పుడు?"

"గోడ మింద నువ్వు కుంచె తుడిచిన మరకల్ని చూస్తా కూర్చునేది. అది ఏనుగంట, ఇది తేరంట. నాక్కూడా చూపించేది."

ఈ సంగతి నాయనకి తెలియదు. తల ఎత్తి గోడ వైపు చూశాడు. చాలాసేపు చూసి, ఆ తర్వాత రాసుకున్నాడు.

పెన్సిలు ఇంకోసారి చెక్కుకుని మూడోది అడిగాడు.

"ఎవుర్ని చూస్తే మీ అమ్మ కండ్లు మారేవి, తల్లీ?"

నాకు జవాబు తెలుసు. నాలుక కొన మీదే ఉంది. లోటా, గడప, ఆవిరి, అన్నీ కళ్ళ ముందున్నాయి. వాటి వెనకే సందు చివరిదాకా నేను పరిగెత్తిన మూడుసార్లూ ఉన్నాయి. ఆయన ముఖంలో ఆశ చూశాను. ఆ ఆశని చూసే నాకు కసి పుట్టింది. అందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

"నిన్ను కాదు" అన్నాను.

నాయన పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. పుస్తకం మూశాడు. "సరే తల్లీ" అని లేచాడు. నా తల మీద చేయి పెట్టి లేచాడు. ఆసరా కోసమో, నా కోసమో తెలియదు.

నోరు వీపుకి తెస్తుందని అమ్మ అనేది. నా నోరు నా వీపుకి తేలేదు.

ఆ సాయంత్రమే ఆయన ఆ రెండు ఖాళీ జాగాల్లో రెప్పలు వేశాడు. ఎంత మెత్తటి రెప్పలో. కర్మాంతరం రోజు పటం మీది గుడ్డ తీస్తే చుట్టాలంతా గుసగుసలాడారు. "అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడినట్టుండాది ఈయన కత" అంది పక్కింటి అత్త, వినపడేటట్టే. నాయన ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. అవ్వ నిలదీసి, "ఏందిరా ఇది?" అని అడిగితే మాత్రం, "పండుకోని ఉండాదిమా. ఎదురుచూసి ఎదురుచూసి అలిసిపొయ్యింది. పండుకోనీ" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఎవరి కళ్ళూ తెరిపించలేదు. కళ్ళు తెరిచి ఉన్న ఫోటో తెస్తే పటం వేసిచ్చేవాడు. మూసిన ఫోటో తెచ్చినవాళ్ళకి "నాకు చేతకాదు, ఇంకెవురినన్నా అడగండి" అని దండం పెట్టేవాడు. అడిగిపోయే వాళ్ళ ముఖాలు నేను వెనక గదిలోంచి చూసేదాన్ని. బోర్డులు రాశాడు, లారీల వెనక రాశాడు. నన్ను చదివించాడు, పెళ్ళి చేశాడు. నామీద ఒక్కనాడు గొంతెత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఏడ్చి, నిజం చెప్పేసి ఉండేదాన్నేమో.

చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. పదిహేనేళ్ళప్పుడు సిగ్గేసింది. పాతికేళ్ళప్పుడు, పాత పుండు ఇప్పుడెందుకు గెలకడం అనుకున్నాను. ఆ తర్వాత ఆయన మర్చిపోయి ఉంటాడులే అని సర్దిచెప్పుకున్నాను. మనసుకి ఏదో ఒక సాకు దొరుకుతూనే ఉంటుంది.

చివరికి ఆయన కళ్ళకే పొర కమ్మింది. ఆపరేషన్‌కి ఒప్పుకోలేదు. ఒక మధ్యాహ్నం ఆయన్ని చూడడానికి వెళ్ళి, కాఫీ కలిపి తెచ్చాను. ముందు గదిలో, అదే చోట, అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఎండిపోయిన పాత కుంచె ఒకటి పట్టుకుని దాని వెంట్రుకలు వేళ్ళతో విడదీస్తున్నాడు. నాలుక కొన పెదవి మూలకి వచ్చింది. నేను గడప దగ్గర ఆగిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లోటా చేతిలో చల్లబడుతుంటే తెలిసింది. నా ముఖం మారి ఉంది. అద్దంలో చూసుకోనక్కరలేదు, కనుబొమలు పైకి లేవడం నాకే తెలుస్తోంది. మా అమ్మ చూపు నా ముఖం మీద ఉంది.

ఇప్పుడు తిరిగితే చూపిద్దామనుకున్నాను. ఇది నాయనా, ఇదే, ఇట్లా చూసేది, నిన్నే చూసేది అని చెబుదామనుకున్నాను.

నాయన తిరిగాడు. నేను ఆ చూపుని పోనివ్వలేదు, పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. తెల్లగా పొర కమ్మిన కళ్ళతో నా వైపు, నాకు కొంచెం పక్కగా, వెతికాడు.

"ఎవురూ?" అన్నాడు.

నోటికొచ్చింది ఒకటే మాట. "చల్లారిపోతా ఉండాది, తాగు."

"అచ్చం మీ అమ్మ గొంతే" అని చేయి చాపాడు. లోటా అందించాను. కాఫీ తాగేదాకా పక్కన కూర్చుని వచ్చేశాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ వారమే ఆయన పోయాడు.

సామాన్లు సర్దుతుంటే బైండు పుస్తకం దొరికింది. రాసిన చివరి పుట అమ్మది. 'కోపం: నడుం మీద చెయ్యి. తోచనప్పుడు: గోడ మీద మరకలు, ఏనుగు, తేరు. మూడోది:' అని ఉంది. దాని పక్కన ఏమీ లేదు. ఆ తర్వాత పుటలన్నీ తెల్లగా ఉన్నాయి.

"పాటీ, చూడండి."

స్టూడియో పిల్ల నేను చెప్పేదాకా ఆగలేదు. తెరిపించేసింది. స్క్రీన్ మీద అమ్మ కళ్ళు తెరిచి ఉంది. పెద్ద పెద్ద కళ్ళు, వంపు తిరిగిన రెప్పవెంట్రుకలు. ఎవరో టీవీ సీరియల్ ఆవిడ వచ్చి మా అమ్మ ముఖంలో కూర్చున్నట్టు ఉంది.

"బాగుండాది తల్లీ. కానీ ఇది మా అమ్మ కాదు."

"మార్చచ్చు పాటీ" అంది ఆ పిల్ల, చిన్నబుచ్చుకోకుండా. "చూపు నేరుగా ఉండాది కదా, అందుకే అట్లా అనిపిస్తాది. పక్కకి తిప్పచ్చు. అమ్మ ఎవర్ని చూస్తా ఉన్నట్టు పెట్టేది?"

ఏం అడిగిందో ఆ పిల్లకి తెలియదు. మౌస్ మీద చేయి పెట్టుకుని, నా జవాబు కోసం ఆగింది. మా నాయన కూడా అట్లాగే ఆగేవాడు.

"మా నాయన్ని" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆ పిల్ల స్క్రీన్ మీద బొమ్మని అటూ ఇటూ జరిపి, నాలుగు మూలలా వెతికింది.

"ఆయన ఇందులో లేరే పాటీ."

"లేడు."

మౌస్ వదిలి నా ముఖం చూసింది. నేను కళ్ళు తుడుచుకుని లేచాను.

"అయితే మూసేసెయ్యి తల్లీ. పండుకోనీ."

ఇంటికి వచ్చి పటాన్ని చెమ్మ లేని గోడకి తగిలించాను. బీరువాలోంచి బైండు పుస్తకం తీశాను. 'మూడోది:' పక్కన, నాయన వదిలిన ఖాళీలో, 'నిన్నే' అని రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆ తర్వాత ఏం చేయాలో తెలియక, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వాకిలి వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.